ఖాళీ బండి బరువు

రాత్రి రెండూ ఇరవైకి మళ్ళీ అదే.
గొంతు దాకా ఎగదన్నిన పులుపు,
ఎడమ భుజం మీద ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు నొప్పి.
లేచి కూర్చున్నాను.
పక్కన సన్యాసిరావు గురక. బి షిఫ్టు దిగి వచ్చి పడుకున్నాడు.

ఏడు నెలల కిందట రామ్‌నగర్‌లో
నా పొట్టసంచి పైభాగానికి ఒక ఉంగరం తొడిగారు.
చర్మం కింద బొత్తాం అంత బిళ్ళ కుట్టి
"దీన్ని పోర్టు అంటామమ్మా" అన్నాడు డాక్టరు.
కుట్లు లాగుతున్నా నవ్వాను.
పదమూడేళ్ళుగా పోర్టులోనే కదా నా ఉద్యోగం,
కాన్వెంట్ జంక్షన్ దాటాక వేబ్రిడ్జి గదిలో.
ఇప్పుడు పోర్టే నాలో ఉద్యోగం చేస్తోంది.

లారీ ఖాళీగా లోపలికి వెళ్తుంది, ఒక చీటీ.
బొగ్గుతో బయటికొస్తుంది, ఇంకో చీటీ.
రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే సరుకు.
ఇంత తేలిక లెక్క నా ఒంటికి ఎప్పుడూ కుదర్లేదు.
నేను ఏ రోజున ఖాళీ బండిని?
పద్నాలుగేళ్ళప్పుడా,
రెండో కాన్పుకి ముందా,
మద్దిలపాలెంలో ఆటోవాడు "ఇద్దరి చోటు కదమ్మా" అని
రెట్టింపు అడగక ముందా?

సంతకం పెట్టించుకునేటప్పుడు చదివి వినిపించారు.
జారొచ్చు. కోసుకుని లోపలికి దిగొచ్చు. గొట్టం కారొచ్చు.
అన్నీ "వచ్చు"లే. "రాదు" అని ఒక్కటీ లేదు.
అప్పుడు చెవికెక్కలేదు;
తాకట్టు పెట్టిన గాజుల చీటీ
పర్సులో గాజుల కంటే గట్టిగా గలగలమంటోంది.
ఇప్పుడు ఒక్కొక్క "వచ్చూ" వరసలో నిలబడింది
గేటు దగ్గర లారీల్లాగ,
హారన్ కొట్టకుండా, ఇంజను ఆపకుండా.

మొన్న గురువారం ఇడ్లీ ముక్క. గోరంత.
నలభై సార్లు నమిలానని ప్రమాణం చేస్తాను.
ఉంగరం దగ్గర ఆగిపోయింది,
ఛానల్లో అడ్డం తిరిగిన ఓడ,
ముందుకీ పోదు, వెనక్కీ రాదు.
బాత్రూంలో కుళాయి తిప్పి డోకాను,
చప్పుడు అత్తకి వినబడకుండా.
ఆవిడకి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని చెప్పాం.
"రాళ్ళు తీసీసినా ఇంకా ఏటమ్మా ఈ డోకులు?" అంటుంది,
ఏ రాయో మిగిలిపోయిందని సింహాద్రప్పన్నకి మొక్కుతుంది.
లేని రాయి మీద మొక్కు
ఏ ఖాతాలో పడుతుందో.

ఆసుపత్రి నంబరు ఫోన్లో ఉంది.
పోయిన నెల ఒకసారి అర్ధరాత్రి చేశాను.
"గ్యాసయ్యుంటుందండి" అంది నర్సమ్మాయి ఆవలిస్తూ.
నిజంగానే గ్యాసు.
అప్పట్నుంచి నొప్పి కంటే ముందు సిగ్గు లేస్తోంది.

ఒక మాట ఎవరికీ చెప్పలేదు.
ఆదివారం, లారీలు లేని మధ్యాహ్నం,
వేబ్రిడ్జి మీదకి నేనే ఎక్కి నిలబడి
కిటికీ అద్దంలోంచి అంకె చూశాను.
అది ఇరవై ఇరవైగా తప్ప లెక్కపెట్టదు.
ఆపరేషన్‌కి ముందు ఎక్కినప్పుడు నూట ఇరవై.
ఇప్పుడు వంద.
ఇరవయ్యారు కేజీలు, ఎన్ని గ్లాసుల గంజి,
ఎన్ని పెళ్ళిళ్ళలో మడిచేసిన నిండు విస్తరి,
దానికి ఒక్క మెట్టు.
ఉంగరం సంగతి దానికసలు తెలియనే తెలియదు.
నన్ను నిద్ర లేపేది చేతి గడియారమంత బరువు కూడా ఉండదు.

తెల్లారింది. తీగ మీద బట్టలకి బొగ్గు నుసి.
దులిపాను. సిగ్గుని కూడా దులిపి ఆయన్ని లేపాను.
ఏమీ అనకుండా బండి తాళం తీశాడు.
కేజీహెచ్ డౌనులో, గాలికి సగం పోగా వినబడింది:
"నొప్పొస్తే టైము చూడకే."

ఎక్స్‌రే గదిలో సున్నంలాంటి నీళ్ళు తాగించారు.
తెర మీద తెల్లగా నాలోకి నేనే దిగుతున్నాను,
ఉంగరం దగ్గర కాస్త ఆగి, దారమంత సన్నగా.
"ఏటవాలుగానే ఉండాలి, మరీ పడుకోకూడదు" అన్నాడు డాక్టరు
తన తల ఏటవాలుగా పెట్టి.
నేనూ పెట్టి చూశాను.
"ఊపిరి బిగబట్టండి" అన్నాడు మిషను దగ్గర కుర్రాడు.
బిగబట్టాను.
ఇద్దరూ తెర వైపు వంగి ఏదో మెల్లగా అనుకుంటున్నారు.
వదలమని ఇంకా ఎవరూ చెప్పలేదు.